మడమ మీద మూడు దెబ్బలు

గౌరి వీపు ఎప్పుడు దొరుకుతుందా అని నీలవేణి ఏడాదిగా కాచుకుని ఉంది.

ఇద్దరూ విజయనగరంలో ఒకే కోచ్ దగ్గర జూడో నేర్చారు. గౌరిది నెల్లిమర్ల, తండ్రి జూట్ మిల్లు కార్మికుడు. నీలవేణిది పూసపాటిరేగ దగ్గర సముద్రపుటొడ్డు పల్లె. కిందటేడు ప్రాక్టీసులో నీలవేణి మొత్తుకుంటున్నా వదలకుండా గౌరి ఆమె చెయ్యి మెలితిప్పింది. మోచేయి కీలు తప్పింది. "నాకు ఇనపడ్నేదే," అని నవ్వేసింది గౌరి. ఆ ఏడు నీలవేణి రాష్ట్రపోటీలకు వెళ్లలేకపోయింది.

2015 జిల్లా ఎంపికల్లో ఫైనల్లో మళ్లీ ఇద్దరే ఎదురుపడ్డారు. మొదటి పట్టులోనే గౌరి నుదురు తగిలి నీలవేణి పెదవి చిట్లింది. ఆ రక్తం మింగేసి, తనని విసరబోయిన గౌరిని పక్కకు లాగింది. గౌరి బోర్లా పడి, గడ్డం గుండెకు ఆనించి ముడుచుకుపోయింది. నీలవేణి వీపెక్కేసింది. రెండు కాళ్లూ గౌరి తొడల లోపలికి దూర్చి, మడమలు పొట్ట కింద బిగించింది. ముంజేతి ఎముకను గౌరి దవడ మీద రాపాడించింది. గడ్డం లేచింది. గౌరి జూడో జాకెట్ కాలర్ ఆమె గొంతుకి అడ్డంగా లాగింది.

గౌరి గిలగిల కొట్టుకుంది. పొట్ట కింద ఇరుక్కున్న ఆమె చెయ్యి నీలవేణి మడమను తట్టింది. ఒకటి. రెండు. మూడు.

తట్టడమంటే ఓటమి ఒప్పుకోవడం. తట్టగానే వదిలెయ్యాలి. రిఫరీకి ఆ చెయ్యి కనబడలేదు. నీలవేణికి తెలిసింది. పళ్లు కరుచుకుని ఇంకా లాగింది.

గురకలాంటి చప్పుడొకటి వచ్చింది. గౌరి ఒళ్లు తడిగోనెలా బరువెక్కింది. మ్యాట్ మీద మూత్రం తడి పాకింది. రిఫరీ వచ్చి వేళ్లు ఊడదీస్తేగానీ నీలవేణి వదల్లేదు. తేలిపోయిన గౌరి తెల్లగుడ్లు చూసి అప్పుడు వెనక్కి జరిగింది.

కోచ్ చెంపలు తట్టగా గౌరికి తెలివొచ్చింది.

"నాను తట్నేదేటే?" అంది బొంగురుగా.

రిఫరీ అప్పటికే గెలుపు ప్రకటిస్తూ నీలవేణి వైపు చెయ్యెత్తబోతున్నాడు.

"తట్నావు. మూడుసార్లు. తెలిసే వదల్నేదు," అంది నీలవేణి, అందరికీ వినబడేలా.

గౌరి తూలుతూ లేచి లెంపకాయ కొట్టింది. చిట్లిన పెదవి మళ్లీ తెగింది. రెండో దెబ్బకు కోచ్ అడ్డుపడ్డాడు.

రాష్ట్రపోటీల సీటు గౌరికి దక్కింది. నీలవేణి మీద ఏడాది నిషేధం పడింది. మర్నాటినుంచి తల్లితో చేపలగంప ఎత్తింది. గౌరి ఆ తర్వాత ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు.