విడిగా కొనవలసిన గొంతు

పిన్ని ఎడమచేత్తో మెడ వెనక నొక్కుకుంటూ కుడిచేత్తో చింతించడం మొదలుపెట్టింది. చింతించడానికి ఒక్క మీట చాలు. అది నొక్కగానే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న మాట కొన్నవాళ్ళ తెర మీద పడుతుంది. దాని పక్క మీట ఓపిక పట్టమంటుంది, ఆ పక్కది ధన్యవాదాలు చెబుతుంది. మూడింటి మీదా అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. పొద్దున్నే వచ్చి కూర్చుని ఎంతోసేపు కాలేదు, అప్పుడే ఊరందరి అసౌకర్యానికీ చింతించేసి ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంది.

ఆ కంపెనీ సొంతంగా ఏదీ తయారు చెయ్యదు. ఎవరెవరో తయారుచేసిన సాఫ్ట్‌వేర్లను తగ్గింపు ధరకు ఇంటర్నెట్‌లో అమ్ముతుంది. సరుకు లేదు, గోదాము లేదు, పొట్లం కట్టే పని లేదు. డబ్బు కడితే మెయిల్లో ఒక లింకు వస్తుంది. దాన్ని నొక్కి ఎవరి కంప్యూటర్లోకి వాళ్ళు దించుకోవాలి. "ఈ రోజే ఆఖరు" అంటూ వెబ్‌సైట్‌లో ఒక గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది. సున్నాకు వచ్చాక సిగ్గులేకుండా మళ్ళీ మొదటికి పోతుంది. కొన్నవాళ్ళు అయోమయంలో పడితే చాట్‌లో జవాబు చెప్పడం పిన్ని పని. పడనివాళ్ళు బహు తక్కువ.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, కాస్త ఒళ్ళు చేసి ఉంటుంది. కళ్ళద్దాల కాడ విరిగితే టేపు చుట్టి వాడుతోంది. చెప్పులు విడిచి, బల్ల కింద కంప్యూటర్ వేడి గాలి తగిలేట్టు మోకాళ్ళు అటు పెట్టుకుని కూర్చుంటుంది. నొప్పులకు అదే కాపడం. ఆఫీసులో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పిన్నే, ఆమెకంటే పెద్దవాడైన వాచ్‌మన్‌కు కూడా.

ఒకప్పుడు ఈ కంపెనీకి బజారులో పెద్ద కొట్టు ఉండేది. అప్పుడు సాఫ్ట్‌వేర్ అంటే అట్టపెట్టె. కౌంటరు వెనక నిలబడి పిన్నే అమ్మేది. జనం పెట్టెను చేతిలోకి తీసుకుని బరువు చూసేవారు, చెవి దగ్గర ఆడించి చూసేవారు. వాళ్ళతో నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడేది. కొట్టు మూసేసి అంతా ఇంటర్నెట్‌లోకి ఎక్కించినప్పుడు, పనిలో పనిగా పిన్నినీ ఎక్కించేశారు. అప్పటినుంచీ రోజంతా నోరు విప్పకుండానే మాట్లాడుతోంది. చాట్ తప్ప ఫోను చెయ్యకూడదని రూలు. ఇంటికెళ్ళినా అంతే. తను చదివించి పెళ్ళి చేసిన తమ్ముడు పై వాటాలోనే ఉంటాడు గానీ, మెట్లు దిగడానికి బద్ధకించి "అక్కా, మోటారు ఆపు" అని మెసేజ్ పెడతాడు. ఒక్కోరోజు సాయంత్రం కూరగాయల కొట్లో ధర అడగబోతే గొంతు జీరగా పలికి ఎవరిదో పరాయి గొంతులా వినిపిస్తుంది. ఇలా ఎలా అయిపోయానా అని అప్పుడు దిగులేస్తుంది.

ఆ పొద్దున ఒకాయన తనకు సాఫ్ట్‌వేర్ నచ్చలేదనీ, కంప్యూటర్లోంచి చెరిపేశాననీ, అంటే మీ సరుకు మీకు తిరిగొచ్చేసినట్టే కాబట్టి డబ్బు పంపమనీ రాశాడు. ఒకావిడ బట్టలు కత్తిరించే నమూనాల ప్రోగ్రాం కొని, ఫోన్లోకి ఎక్కడం లేదని గొడవ పెట్టుకుంది. అది కంప్యూటర్‌కు మాత్రమేనండీ అంటే, "నా ఫోను మీ కంప్యూటర్ కంటే ఖరీదు" అంది. పిన్నికి ఆవిడ మాటే సబబుగా తోచింది. ఇన్నేళ్ళుగా అమ్ముతున్నా వీటిలో ఒక్కదాన్నీ తెరిచి చూసిన పాపాన పోలేదు. కొన్నవాళ్ళు ఎంత అయోమయంలో ఉన్నారో తనూ అంతే. కాకపోతే తన దగ్గర మీటలున్నాయి.

అప్పుడు చాట్‌లోకి ఒక పెద్దాయన వచ్చాడు.

"అమ్మా, రెండుసార్లు కొన్నాను. గొంతు రావడం లేదు."

పిన్ని చింతించింది, ఓపిక పట్టమంది, ఆ తర్వాత ఆర్డరు తెరిచి చూసింది. టైపు చేసిన మాటల్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. రెండుసార్లు ఎందుకు కొన్నారని అడిగింది.

"మొదటిసారి కొని, పార్సిల్ వస్తుందని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూచున్నా. వచ్చే పోయే కొరియర్ కుర్రాళ్ళందర్నీ చేతులు అడ్డం పెట్టి ఆపా. చివరికి వాళ్ళు మా వీధి తప్పించి పోవడం మొదలెట్టారు. ఈలోగా లింకుకి గడువైపోయిందని మెయిలొచ్చింది. లింకంటే ఏంటో పక్కింటమ్మాయి చెప్పాక మళ్ళీ కొన్నా. తనే దించి పెట్టింది. అక్షరాలు పడుతున్నాయి గానీ, మాట్లాడమని నొక్కితే బెల్లంకొట్టిన రాయిలా ఉంది."

పిన్ని ఆ ప్రోగ్రాం వివరాల పేజీ అడుగుదాకా వెళ్ళింది. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: తగ్గింపు ప్యాకులో గొంతులు ఉండవు, గొంతు విడిగా కొనవలెను. మాట్లాడే ప్రోగ్రాం ఒకచోట అమ్మి గొంతు ఇంకోచోట అమ్మడమేమిటో ఆమెకు బొత్తిగా అంతుపట్టలేదు. సిగ్గుపడుతూనే ఆ సంగతి పెద్దాయనకు చెప్పి, ఎవరి కోసం తీసుకున్నారని అడిగింది.

"నాకేనమ్మా. మార్కెట్లో కూరగాయల వేలం పాడేవాణ్ణి. గొంతులో గడ్డ లేచింది. దాంతోపాటు గొంతూ కోసేశారు. మా ఆవిడకి చూపు లేదు. రాసి చూపిద్దామంటే ఆవిడ చూడలేదు, చెబుదామంటే నేను చెప్పలేను. బల్ల మీద ఒకసారి తడితే ఔను, రెండుసార్లు తడితే కాదు. దాంతోనే కాపురం నెట్టుకొస్తున్నాం."

పిన్ని చెయ్యి మీటల మీదికి వెళ్ళి ఆగిపోయింది. వాటిలో ఇలాంటిదానికి తగ్గ మాట లేదు.

"ఆపరేషన్‌కి తీసుకెళ్ళబోతుంటే మా ఆవిడ ఒక మాట అంది" అని పెద్దాయనే మళ్ళీ రాశాడు. "'మీ గొంతు పోతే నాకేం పోయింది, మీరు చెప్పింది నేనెప్పుడు విన్నాను గనక' అంది. నేను నోరు తెరిచేలోగా బండి తోసుకుపోయారు. బయటికొచ్చేసరికి నోరుంది, గొంతు లేదు. అప్పట్నుంచీ ఆఖరి మాట ఆవిడదే. వేలంలో ఆఖరి మాట నాదిగా బతికినవాణ్ణి. ఆ జవాబు చెప్పేదాకా నాకు ముద్ద దిగదు."

పిన్నికి ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతుల పేజీలో, కొనేముందు వాడి చూసుకోవడానికి ఒక గొంతు ఊరికే ఇస్తారు. ఆడగొంతు, ఒక్కరోజే పలుకుతుంది. దాని లింకు పంపి, ఎక్కడ నొక్కాలో విడమరిచి రాసింది. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"పలికిందమ్మా! 'నేను మీ ఆయన్ని' అని టైపు చేశా. ఆడమనిషి గొంతు ఆ మాట అనేసరికి మా ఆవిడ చేతిలో గిన్నె వదిలేసింది. 'ఎవరే నువ్వు, మా ఇంట్లో నీకేం పని' అని తగువేసుకుంది. 'నేనే, కంప్యూటర్లోంచి' అని టైపు చేస్తే ఇంకా హడలిపోయింది. నేను దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంటే గానీ నమ్మలేదు. ఇప్పుడేమో 'ఆ అమ్మాయి చక్కగా మాట్లాడుతోంది, ఇంకేమన్నా చెప్పమనండి' అంటోంది."

"మరి ఆ జవాబు చెప్పేశారా?"

"లేదు. అది నా మాట. ఆడగొంతుతో చెప్పను. సాయంత్రంలోగా ఒక మగ గొంతు ఇప్పించు తల్లీ. రేపు మళ్ళీ ఆసుపత్రిలో చేరమన్నారు. ఈసారి తిరిగొస్తానని వాళ్ళెవరూ అనడం లేదు."

పిన్ని మిగతా చాట్లలో ఓపిక పట్టమనే మీట నొక్కి, మగ గొంతు కొనిపించడానికి బయల్దేరింది. తగ్గింపు ప్యాకు కొన్నవాళ్ళకు గొంతు అమ్మబోమని వెబ్‌సైట్ చెప్పింది. పూర్తి ధర పెట్టి కొందామంటే, ఆ ప్రోగ్రాం మీ దగ్గర ఉంది కదా, మళ్ళీ ఎందుకని అడ్డుపడింది. రెండుసార్లు అమ్మినప్పుడు దానికి ఈ బుద్ధి లేదు. గొంతులు తయారుచేసేవాళ్ళకు రాస్తే, అమ్మినవాళ్ళనే అడగమన్నారు. అమ్మింది మేమేనంటే, అయితే మిమ్మల్ని మీరే అడగండని మర్యాదగా రాశారు.

భోజనాల వేళకు ఆమె డబ్బా మూత తియ్యకుండానే చాట్ జట్టు లీడరు బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆమె తమ్ముడి ఈడువాడు. విషయమంతా విని బుర్ర గోక్కున్నాడు.

"నాకూ అర్థం కావట్లేదు పిన్నీ. డబ్బు వాపసు ఇచ్చేసి వదిలెయ్."

"ఆయనకి డబ్బెందుకు నాయనా? గొంతు కావాలి. రెండుసార్లు కొన్నాడుగా, అందులో ఒకటి వెనక్కి తీసుకుని బదులుగా గొంతు ఇవ్వలేమా?"

"అలా ఎవరూ అడగలేదే ఇంతవరకు" అంటూ లీడరు ఏవేవో పేజీలు తెరిచాడు, మూశాడు. 'మార్పిడి' అని ఒక గడి కనబడింది. ఇద్దరూ దాన్ని అనుమానంగా చూశారు. ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలియదు. లీడరు కళ్ళు చికిలించి నొక్కేశాడు. మగ గొంతు లింకు పుట్టింది.

పిన్ని పరుగులాంటి నడకతో తన బల్ల దగ్గరికి వచ్చింది. ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని, పెద్దాయన అనుమతి తీసుకుని ఆయన తెరను తన తెర మీదికి తెచ్చుకుంది. కొత్త గొంతు దిగడం మొదలైంది. అది దిగాక పాత ఆడగొంతు దానంతటదే తొలగిపోతుందని ముందే చెప్పింది. వాళ్ళ నెట్టు నత్తలా నడుస్తోంది.

"ఇది దిగేలోగా జవాబు టైపు చేసి పెట్టుకుంటా. నువ్వు చూడకు" అని రాశాడు పెద్దాయన.

"చూడనండీ" అని రాసి ఆయన తెరను కిందికి దించేసింది. ఇంత సంతోషంగా ఆమె ఎవరి అసౌకర్యానికీ చింతించి ఎరగదు. బట్టల నమూనాల ఆవిడకు కూడా చల్లగా, నిదానంగా జవాబు రాసింది.

గొంతు దిగిందని తెర చెప్పగానే, "అయిందండీ, ఇక నొక్కండి" అని రాసింది. జవాబు లేదు. ముసలావిడను పిలుచుకొచ్చి కూర్చోబెడుతున్నాడు కాబోలు అనుకుంది. జవాబు రాకపోతే చాట్ దానంతటదే మూసుకుపోతుంది. మూసుకోకుండా మధ్యమధ్య "ఉన్నారా అండీ" అని రాస్తూ కూర్చుంది. చివరికి అక్షరాలు పడ్డాయి.

"నేను పక్కింటమ్మాయిని. తాతగారు పోయారండీ. కుర్చీలో అలాగే ఒరిగిపోయి ఉన్నారు. డాక్టరు వచ్చి చూసి, అయిపోయిందన్నాడు."

పిన్ని ఆ మాటలకేసి చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడేగా దిగింది, ఇప్పుడేగా బాగుపడింది అన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది.

"తాతగారు ఏదో టైపు చేసి పెట్టారు" అని పక్కింటమ్మాయి మళ్ళీ రాసింది. "మాట్లాడమని నొక్కితే ఎవరో మగవాడి గొంతు వచ్చింది. మామ్మగారు మొదటి ముక్కకే చెవులు మూసుకుని, ఆపెయ్యమన్నారు. నేను చదువుతానంటే వద్దంటున్నారు. పొద్దున మాట్లాడిన అమ్మాయే చెప్పాలట. ఆ గొంతు ఇప్పుడు కనబడటం లేదు. ఎలా తేవాలండీ?"

పోయిన గొంతును తిరిగి తెచ్చే దారి పిన్నికి తెలియదు. ఆర్డరులో ఫోను నంబరు ఉంది. చుట్టూ అందరూ తల వంచుకుని టైపు చేస్తున్నారు. ఆమె రూలు సంగతి మరిచిపోయి, ఫోను తీసి నొక్కింది. పక్కింటమ్మాయి ఎత్తి, మామ్మగారి చెవి దగ్గర పెట్టింది.

"ఎవరు?" అంది ముసలి గొంతు.

పిన్ని నోరు తెరిచింది, మాట రాలేదు. దగ్గి, మళ్ళీ ప్రయత్నించింది.

"నేనేనండీ. పొద్దున మాట్లాడినదాన్ని."

"గొంతు మారిందేం?"

"జలుబు చేసిందండీ."

"ఒంట్లో జాగ్రత్తమ్మా. ఆయనేం రాశారో చెప్పు."

పిన్ని దించేసిన తెరను పైకి తెచ్చింది. అంతా తెల్లగా ఉంది, ఒక్క అక్షరం లేదు. కంగారుగా పైకి జరుపుకుంటూ వెళ్ళింది. ఖాళీ తప్ప ఏమీ రావడం లేదు. అన్నిటికంటే పైన, మొదట్లో ఉన్నాయి ఆయన మాటలు.

"'నువ్వు విననిదెప్పుడు?'" అని చదివింది పిన్ని. "'నేను నిద్రలో గొణిగింది కూడా పొద్దున్నే నాకు అప్పజెప్పేదానివి. గొంతు పోయాక కూడా, నేను గ్లాసు పెట్టిన చప్పుడుని బట్టి కోపమొచ్చిందో ఆకలేసిందో చెప్పేస్తున్నావు. ఊరందరికీ నేను మూగవాణ్ణే. నీ దగ్గర ఇంకా కాలేదు.'"

అటునుంచి ఫోను చెవికి అదుముకున్న చప్పుడు వినబడింది.

"అంతేనా?"

"అంతేనండీ."

"చూశావా అమ్మాయీ" అంది ముసలావిడ. ఏడుస్తోంది, నవ్వబోతోంది, రెండూ కుదరడం లేదు. "భయమేసి అన్నానే ఆ మాట. ఊరికే భయమేసి. మొత్తానికి ఆఖరి మాట తనదే చేసుకుని పోయారు. ఇంకోసారి చెప్పు తల్లీ."

పిన్ని ఇంకోసారి చెప్పింది. గొంతులో జీర పోయింది. కొట్టు కౌంటరు వెనక మాట్లాడినంత గట్టిగా, స్పష్టంగా వచ్చింది మాట. గది మొత్తం టైపు చెయ్యడం ఆపి ఆమెవైపు తిరిగింది. లీడరు లేచి నిలబడ్డాడు. ముసలావిడ మరోసారి అడిగింది, పిన్ని మరోసారి చెప్పింది. చెబుతుంటే కళ్ళ నీళ్ళు కారి అద్దాలు మసకబారాయి.

ఫోను పెట్టేశాక అద్దాలు తుడుచుకుని తెరవైపు చూసింది. 'కాలేదు' అన్న మాట కింద, ఆయన వేలు వరస మార్చే మీట మీద అలాగే ఉండిపోయినంతసేపూ పడిన ఖాళీ వరసలు తెల్లగా, కిందికంటా ఉన్నాయి.