పైన చెప్పండి

లైబ్రరీ నుంచి మూడో ఉత్తరం వచ్చిన రోజున తాళాలాయన దాన్ని చదివి, మడిచి, కొట్లో ఊగుతున్న బల్లకాలు కింద పెట్టాడు. మొదటి రెండు ఉత్తరాలూ అక్కడే ఉన్నాయి. మూడోదానితో బల్ల ఊగడం మానేసింది.

"మీ వద్ద ఉన్న నవల గడువు దాటి ఎనిమిది నెలలైనది. వెంటనే వాపసు చేయవలెను." భార్య పోయి కూడా ఎనిమిది నెలలే. ముందు ఎవరి గడువు దాటిందో ఆయనకు బాగా తెలుసు.

పదకొండేళ్ళు ఆమెకు పుస్తకాలు మోసింది ఆయనే. లైబ్రరీ ఉన్నది రెండో అంతస్తులో, మోకాళ్ళ నొప్పుల వల్ల ఆమె మెట్లెక్కలేకపోయేది. ప్రతి శనివారం ఆమెను కింద అరుగు మీద కూర్చోబెట్టి, ఆయనే వెళ్ళి పాతది ఇచ్చి కొత్తది తెచ్చేవాడు. ఏం కావాలని లైబ్రేరియన్ అడిగితే, "హత్య ఉంటే చాలు" అనేవాడు. ఒక్క పుస్తకమూ తెరిచి చూడలేదు. గంధపుచెక్కలు మోసే గాడిదకి బరువే గాని వాసన తెలియదంటారు.

ఆఖరి రోజు ఆసుపత్రిలో ఆమె అన్న మాటలు మాత్రం ఆయన మరచిపోలేదు. చెయ్యి పట్టుకుని, "చెప్పండి... చెల్లెలే. పాలల్లో కలిపింది," అంది. ఎవరికి చెప్పాలని అడిగితే వేలు పైకెత్తి, "పైన," అంది. ఆ తర్వాత మాట లేదు.

పైన ఉన్నది దేవుడు. చెల్లెలంటే ఆయన మరదలు. ఆసుపత్రికి రోజూ ఫ్లాస్కులో పాలు తెచ్చింది ఆ మరదలే. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పి కాగితం మీద రాసిచ్చాడు. తాళాలాయన డాక్టరునీ నమ్మలేదు, కాగితాన్నీ నమ్మలేదు. అలాగని ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. రుజువు లేదు. దేవుడికి చెప్పాడు, ఇంటికొచ్చి వీధి తలుపు తాళం మార్చేశాడు. మరదలి దగ్గరున్న తాళంచెవి ఆ పూట నుంచీ ఉత్త ఇనుపముక్క. ఆమె మూడుసార్లు వచ్చి, "నేనేం తప్పు చేశాను బావా?" అని కిటికీలోంచి అడిగింది. ఆయన తలెత్తకుండా ఆకురాయితో ఇనుము రాసుకుంటూ కూర్చున్నాడు.

సరే, ఇచ్చేద్దాం, పీడా పోతుంది అనుకుని పుస్తకం దుమ్ము దులిపితే అట్ట తెరుచుకుంది. ముందున్న ఖాళీ పేజీలో పెన్సిలుతో ఎవరో రాశారు.

"కిందివారికి: పోయినసారి గెలుపు మీదే. ఆ వకీలు మీద నాకు అనుమానమే రాలేదు. ఈసారి హంతకుణ్ణి నూట ముప్పయ్యో పేజీలో పట్టుకున్నాను. మీరెక్కడ పట్టుకుంటారో చూస్తాను. పైవారు."

ఆయన పేజీలు తిప్పాడు. నూట పన్నెండో పేజీ అంచున భార్య గుండ్రటి అక్షరాలు. "దొరికింది! పైవారూ, ఓడిపోయారు. పేరు చివరి పేజీలో చెబుతాను."

చివరి పేజీ ఖాళీ.

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఉప్పు అయిపోయింది, గ్యాసు వచ్చింది, పడుకుంటాను. ముప్పై నాలుగేళ్ళ కాపురం ఈ మూడు మాటలతో నడిచింది. "ఓడిపోయారు" అని ఆమె తనను ఏనాడూ ఏడిపించలేదు. వీడెవడో పైవారట. వీడితో పందేలు, వేళాకోళాలు. ఆ ఉత్తరాలను సంచిలో పెట్టుకుని పదకొండేళ్ళు అటూ ఇటూ మోసినవాడు మొగుడు! తపాలా బంట్రోతుకైనా యూనిఫారం ఇస్తారు.

పైవారెవరో కనిపెట్టడానికి ఆయనకు అట్టే సేపు పట్టలేదు. ఇంటి మేడమీద ఒక ఫొటోగ్రాఫరు అద్దెకుంటున్నాడు. పెళ్ళి కాలేదు, జుట్టు దువ్వుకుంటాడు. ఇంకేం కావాలి?

అయినా ఆయన పనివాడు. గుర్తు లేకుండా మాట అనడు. తాళం కన్నం చుట్టూ పడ్డ గీతలు చూసి, ఆ తాళం తీసేవాడిది ఏ చేతివాటమో చెప్పగలడు. ఈ పెన్సిలు రాత మీద రాసిన చెయ్యే పాకుతూ వెళ్ళి అక్షరాలను నలిపేసింది. ఎడమచెయ్యి. పుస్తకం చంకన పెట్టుకుని మేడ ఎక్కాడు.

"నువ్వు నవలలు చదువుతావా?"

"నేనా? ఆల్బం మీద పెళ్ళికొడుకు పేరు రాయాలంటేనే నాకు చెమటలు పడతాయి బాబాయ్ గారూ."

"పైవారంటే ఎవరు?"

"ఎవరండీ?"

"నేనడిగేది నిన్నే."

"మేడమీద నేను, నా మీద నీళ్ళ ట్యాంకు. ట్యాంకుని అడిగారా?"

"వెటకారం తర్వాత. ఈ కాగితం మీద 'కిందివారికి' అని రాయి."

ఫొటోగ్రాఫరు ఆయన మొహం చూసి రాశాడు. కుడిచేత్తో రాశాడు. "కిందవారీకి" అని రాశాడు. దీర్ఘం ఎక్కడ పెట్టాలో తెలియనివాడు ఎవరి పెళ్ళాంతోనైనా ఏం ఉత్తరాలు నడుపుతాడు? తాళాలాయన గుడ్లురిమి కిందికి దిగాడు. మనిషి దొరకనందుకు అసూయ ఇంకా పెరిగింది.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళాడు. గడువు దాటిన పుస్తకం మాత్రం తీసుకెళ్ళలేదు.

"మా ఆవిడ చదివినవన్నీ కావాలి," అన్నాడు.

లైబ్రేరియన్ యాభై దాటిన మనిషి. నవ్వదు. ఆమె బల్ల వెనక, పుస్తకాలలో రాయుట నేరమని ఎర్రక్షరాల బోర్డు ఉంటుంది. కళ్ళజోడు పైనుంచి ఆయన్ని చూసి, "ఎవరు చదవడానికి?" అంది.

"నేనే."

"మీరా?"

"నాకూ అక్షరాలొచ్చు. వానాకాలం చదువే గాని, వచ్చు."

ఆమె లేచి బీరువాల మధ్యకి వెళ్ళింది. నాలుగు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

కొట్లో తాళానికీ తాళానికీ మధ్య ఆయన చదవడం మొదలుపెట్టాడు. మూడు వారాల్లో పంతొమ్మిది నవలలు చదివాడు. వాళ్ళ తపాలా పద్ధతి కూడా అర్థమైంది. భార్య జాబు వెనక పేజీలో, దానికి జవాబు ఆ తర్వాత తెచ్చిన పుస్తకం ముందు పేజీలో.

నవలల మీద ఆయనకు మంచి అభిప్రాయమేమీ కలగలేదు. ఒకదాంట్లో హీరో పిస్తోలుతో పేలిస్తే తాళం ఊడి కింద పడింది. పేలిస్తే తాళం నలుగుతుంది, నలిగితే అసలే రాదు. రాసినవాడు ఏనాడూ తాళంచెవి పోగొట్టుకోలేదని తెలుస్తూనే ఉంది. ఇంకోదాంట్లో జమీందారు నిలువెత్తు ఇనప్పెట్టెకి బట్టల ట్రంకుపెట్టె తాళం వేశాడు. అలాంటివాణ్ణి చంపితే తప్పేమిటి?

తనకు తోచిన ప్రతి మాటా భార్యతో అనాలనిపించేది. తీరా వెనక పేజీ తిప్పితే ఆమె అప్పటికే ఎవరితోనో అనేసి ఉండేది.

"హీరో అందానికి నాలుగు పేజీలు, శవానికి నాలుగు లైన్లు. పాపం శవం." "ఈ డిటెక్టివు తెలివైనవాడు కాడు, మిగతావాళ్ళు మొద్దులు." ఒక ప్రేమనవల చివర: "రెండు వందల పేజీల్లో అందరూ కలిసి నలభై మూడుసార్లు కాఫీ తాగారు. గిన్నెలు ఎవరు తోమారో రచయిత్రి రాయలేదు. అదే అసలు మిస్టరీ."

దాని జవాబు తర్వాతి పుస్తకంలో ఉంది. "లెక్క నేనూ చూశాను. నలభై నాలుగు. రైలులో తాగింది మీరు వదిలేశారు."

తాళాలాయన కొట్లో ఒక్కడే కూర్చుని ఫక్కున నవ్వాడు. నవ్వినందుకు సిగ్గుపడ్డాడు. గోడవతల ఆమె పుస్తకం పట్టుకుని కిసుక్కున నవ్వడం, "ఏమిటా ఇకిలింపు?" అని తను కసరడం గుర్తొచ్చాయి. ఇంట్లో పిల్లి, కాగితం మీద పులి. ఆ పులిని వేరే ఎవరో పెంచారు.

ఇరవయ్యో నవల మూసిన గదిలో హత్య. హంతకుడు తలపిన్నుతో తాళం తీస్తాడు. వెనక పేజీలో భార్య రాసింది. "పిన్నుతో తాళం వస్తుందా? మా ఆయనకు తెలుసు. అడిగాను. నీకెందుకన్నారు."

ఆయన ఆ రోజే లైబ్రరీకి వెళ్ళి దాన్ని ఇచ్చేసి, తర్వాతి పుస్తకం తీయించి, నిలబడ్డచోటే అట్ట తెరిచాడు. "మీవారు చెప్పరు లెండి. ఊరందరి తాళాలూ తీస్తారు గాని, ఆయనే తాళం వేసుకున్న మనిషి."

చెవులు ఎర్రబడ్డాయి. ఎవడు వీడు, ఇంత ధైర్యం? తలెత్తాడు. బల్ల అవతల లైబ్రేరియన్ రిజిస్టరులో ఆయన తీసుకున్న పుస్తకం పేరు రాస్తోంది. ఎడమచేత్తో రాస్తోంది. చిటికెన వేలి పక్క నల్లగా పెన్సిలు మసి.

పదకొండేళ్ళుగా ఆ చెయ్యి ఆయన ముందే రాస్తూ ఉంది.

"పైవారు," అన్నాడు.

పెన్సిలు ఆగింది. ఆమె తల దించుకునే, "ఇప్పటికి కనిపెట్టారు," అంది. "మీ ఆవిడైతే రెండో పేజీలోనే పట్టుకునేది."

"పుస్తకాలలో రాయడం నేరమని బోర్డు పెట్టావు."

"పెట్టాను. పక్కనున్న రబ్బరుతో చెరపడం కూడా నా పనే. చేతులు రాలేదు."

"ఎప్పుడూ చూడని మనిషితో నీకేం స్నేహం?"

"చూడకేం? మీరు మెట్లెక్కి వచ్చేదాకా తను కింద అరుగు మీద కూర్చునేది కదా. ఈ కిటికీలోంచి పాపిడి కనపడేది. తలెత్తి చూసేది. ఇద్దరం చెయ్యి ఊపుకునేవాళ్ళం. మీరు అప్పటికి సగం మెట్ల మీద ఉండేవారు." ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ ఆఖరి పుస్తకం ఇవ్వండి. మూడు ఉత్తరాలు రాశాను. తను ఎవరి పేరు చెప్పిందో చూసుకుని ఇచ్చేస్తాను. మీరే ఉంచుకోండి."

"ఏమీ చెప్పలేదు. పేజీ ఖాళీ," అన్నాడు. ఆమె మొహం వాడిపోయింది. అది చూసి ఆయనకు హాయిగా అనిపించింది.

మెట్లు దిగుతుండగా ఆ హాయి కాస్తా విషమైంది. ఆ పైవారు మగవాడై ఉంటే నాలుగు తన్ని ఊరుకునేవాడు. ఈవిణ్ణి ఏం చేయాలి? ఈవిడ దోచుకున్నది తన పెళ్ళాం నవ్వు. ఏ స్టేషన్లో ఫిర్యాదు తీసుకుంటారు?

ఇంటికొచ్చి, ఎనిమిది నెలల పుస్తకం తీసి పంతంగా మొదటి నుంచీ చదివాడు. ఇద్దరాడవాళ్ళూ కనిపెట్టింది తను కనిపెట్టలేడా? నూట పన్నెండులో ఏమీ దొరకలేదు. నూట ముప్పైలోనూ దొరకలేదు. తోటమాలి మీద అనుమానపడ్డాడు, తర్వాత మేనమామ మీద. చివరికి నూట తొంభై ఆరో పేజీలో రచయితే చెప్పేశాడు.

ఇల్లాలిని చంపింది చెల్లెలు. మందు పాలల్లో కలిపింది.

ఆయన పుస్తకం మూసి చాలాసేపు వీధి తలుపు కేసి చూశాడు. తలుపుకి తను బిగించిన కొత్త తాళం. కిటికీ బయట మరదలు ఉన్నట్టే అనిపించింది.

చెప్పండి. చెల్లెలే. పైన.

పైన అంటే రెండో అంతస్తు. ఆఖరి ఊపిరిలో కూడా ఆమె పందెం గెలుస్తోంది. ఆ కబురు మొయ్యమని తపాలావాడికి ఇచ్చింది. వాడు దాన్ని దేవుడి చిరునామాకి పంపించి, మనిషిని గుమ్మం బయట నిలబెట్టాడు.

రెండు రోజులు ఆయన ఆ కబురు దాచుకున్నాడు. పదకొండేళ్ళ మాటలన్నీ లైబ్రరీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఇది ఒక్కటైనా తన దగ్గర ఉండాలి. కానీ ఎంత గట్టిగా పట్టుకున్నా అది తనదని అనిపించలేదు. చిరునామా వేరేవాళ్ళది. ఒక్క శనివారం తప్పకుండా మోసినవాడికి ఆ సంగతి తెలియకపోదు.

మూడో రోజు ఉదయం కొత్త తాళానికి ఇంకో తాళంచెవి కోశాడు. అంచులు మెత్తబడేదాకా రాశాడు. మరదలి ఇంటికి వెళ్ళి, తలుపు తీయగానే చేతిలో పెట్టాడు.

"ఏమిటి బావా ఇది?"

"మన ఇంటిది."

"నేను చేసిన తప్పేమిటో ఇప్పుడైనా చెబుతావా?"

"నువ్వు చేయలేదు. చేసింది పుస్తకంలోది."

"ఏ పుస్తకం? నీకేమైనా మతి పోయిందా?"

"పోయింది. ఎనిమిది నెలలైంది," అన్నాడు. క్షమించమని అడగలేదు. ఆమె కూడా లోపలికి రమ్మనలేదు. అయితే తాళంచెవి తిరిగి ఇవ్వలేదు. పమిట కొసన ముడి వేసుకుంది.

అక్కణ్ణుంచి లైబ్రరీకి వెళ్ళి పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"చెల్లెలే. పాలల్లో కలిపింది. నూట పన్నెండో పేజీ," అన్నాడు, అప్పగింత పని ముగించే గొంతుతో. "నీకు చెప్పమంది."

లైబ్రేరియన్ నూట పన్నెండో పేజీ తిప్పి చూసింది. తర్వాత, "మళ్ళీ గెలిచింది దొంగమొహం," అంది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ కన్నీళ్ళను చూసినా ఆయనకు అసూయే కలిగింది. ఎనిమిది నెలల్లో తన కంట ఒక్క చుక్క రాలేదు.

"ఆ పెన్సిలు ఇలా ఇవ్వు," అన్నాడు. "ఆ తలపిన్ను నవల కూడా."

ఆమె రెండూ ఇచ్చింది. ఆయన ఎర్రక్షరాల బోర్డు కిందే నిలబడి వెనక పేజీ తెరిచాడు. 'అడిగాను. నీకెందుకన్నారు' అన్న మాట కింద, తాళంచెవి మీద అంకె చెక్కినంత నొక్కి రాశాడు.

"ఒక్క పిన్నుతో రాదు. రెండు కావాలి."