సన్యాసి ఉపవాసం

అనంతపద్మనాభం మేష్టారు ఆ కుక్కకు పేరు పెట్టలేదు. పేరు పెడితే మమకారం పుడుతుందని ఆయన భయం. పంతొమ్మిది వందల ఎనభై ఆరో సంవత్సరం సంక్రాంతికి ముందు, మూతపడిన జిన్నింగు మిల్లు వెనకాల, మెడలోకి ఇనుప తీగ దిగి, ఒళ్ళంతా గజ్జితో పడి ఉన్నదాన్ని ఆయన ప్రత్తిపాడు వీధుల వెంట భుజాన మోసుకొచ్చారు. తీగ కోయించారు. వేపనూనెలో గంధకం కలిపి రెండు నెలలు పూశారు. రోజూ మధ్యాహ్నం పెరట్లో ఆకు వేసి పెరుగన్నం పెట్టారు. పేరు మాత్రం పెట్టలేదు.

"ఒంటిమీద బొచ్చు లేదు, వెంట సామాను లేదు, వేళకి అన్నం మాత్రం కావాలి. సన్యాసి కాక మరేమిటి?" అని ఆయన భార్య దుర్గాంబ ఆ పని కానిచ్చేసింది.

అయితే పది రోజుల్లో ఆమె మామగారి తద్దినం ఉంది. "పెరట్లో కుక్క కనిపిస్తే భోక్తలు గుమ్మంలోంచే వెనక్కి పోతారు. ఎక్కడైనా చోటు చూడండి," అంది. "దాని వెంట మీరూ పోతానంటే ఇద్దరికీ చూడండి."

పక్కింటివారు కరుస్తుందా అని అడిగారు. కరవదనగానే వద్దన్నారు. ఎదురింటివారు కరవదు కదా అని అడిగారు. మేష్టారు అబద్ధమాడలేక "ఇంతవరకూ లేదు" అన్నారు.

చివరికి మిరప రైతు నన్నే సాహెబ్ ఒప్పుకున్నాడు. "మేం ఇంట్లోకి రానివ్వం మేష్టారూ. కల్లం కాడ ఉంటది. ఎండబోసిన కాయల మీదకి మేకలొస్తే అరిస్తే చాలు. మా ఇంటిది జైతున్‌బీ పూటపూటా అన్నం పెడతది."

అప్పగించి వస్తూ మేష్టారు తన మనసును పరీక్షించుకున్నారు. బాధ లేదు. బాధ లేనందుకు కొంచెం గర్వం ఉంది. ఆ గర్వాన్ని గమనించగలిగినందుకు ఇంకొంచెం ఉంది.

మూడో రోజు నన్నే సాహెబ్ సైకిలు దిగకుండానే కేకేశాడు. "మేష్టారూ! మీ సన్యాసి మెతుకు ముట్టట్లేదండీ. పప్పన్నం పెట్టాం, మాంసం ముక్క వేశాం. పళ్ళెం ముందు కూర్చుని మా మొహాలు చూస్తది. నా చేతుల్లో చస్తే ఆ పాపం నాకెందుకు? ఇయ్యాల తినకపోతే తోలుకొచ్చేస్తా."

"బెంగ," అన్నారు మేష్టారు కండువా అందుకుంటూ. ఆ మాటలో ఉండవలసినంత విచారం లేదు.

"దానికా?" అంది దుర్గాంబ.

ఎర్రగా పరిచిన కాయల పక్కన సన్యాసి పడుకుని ఉంది. ఆయన్ను చూసి తోక ఆడించింది. మేష్టారు పళ్ళెం దగ్గరికి జరిపారు. "తిను. వచ్చాను కదా." అది అన్నం వంక చూసింది. ఆయన వంక చూసింది. దేనికోసమో ఆగింది.

తాలుకాయలు ఏరుతున్న జైతున్‌బీ తలెత్తింది. "మీరొచ్చినా తినట్లేదే! మీ ఇంట్లో ఎట్టా పెట్టేవోరండీ?"

"ఏముందమ్మా, ఆకులో పెరుగన్నం కలిపి..." అంటూండగానే ఆయన కుడిచెయ్యి గాలిలో గుండ్రంగా తిరిగింది. మేష్టారు ఆగిపోయారు.

భోజనానికి ముందు తన విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పినట్టే, మొదటి రోజు వేళాకోళానికి దాని ఆకు చుట్టూ కూడా తిప్పారు. దుర్గాంబ నవ్వింది. అందుకని రెండో రోజూ తిప్పారు. తరవాత అలవాటైపోయింది. దెబ్బలు తిని బతికిన ఆ ప్రాణి, నీళ్ళు తిరిగితేనే అన్నం తనదని, పెట్టిన చెయ్యి కొట్టదని నేర్చుకున్నట్టుంది.

ఆయన చెప్పలేక చెప్పారు. జైతున్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అంతేనా! పంతులుగారి కుక్కకి మడి తెలియదనుకున్నామండీ," అంటూ చెంబు తెచ్చి పళ్ళెం చుట్టూ ధారగా నీళ్ళు తిప్పింది.

సన్యాసి లేచింది. మాంసం ముక్కతో సహా పళ్ళెం ఖాళీ చేసింది. దాని ఆచారం అక్కడి వరకే కాబోలు.

మేష్టారు బయల్దేరితే కల్లం అంచు దాకా వచ్చింది. ఇంతలో వెనక మేక అలికిడి కాగానే అటు పరుగెత్తి గట్టిగా మొరిగింది. దాని గొంతు ఎలా ఉంటుందో ఆయన వినడం అదే మొదలు.

ఇంటికి వచ్చేసరికి దుర్గాంబ వడ్డించి ఉంచింది. "తిందా?"

"తింది. నా మీద బెంగ కాదు. నీళ్ళు." జరిగిందంతా చెప్పారు. ఆమె నవ్వుతుందనుకున్నారు గాని నవ్వలేదు.

ఆయన విస్తరి ముందు కూర్చుని, పెరట్లో ఆకు వేసే చోటు వంక చూస్తూ ఉండిపోయారు. అన్నం చల్లారుతోంది. దుర్గాంబ నీళ్ళ గ్లాసు ఆయన చేతి దగ్గరికి జరిపింది.

"తిప్పండి. మీరు కూడా ఉపవాసం మొదలుపెడితే నేనెవరికి అప్పగించను?"