వదినగారు ఇంకా ఎక్కలేదు

రేవు వచ్చిందంటే ఓడలో అందరి మొహాలూ విచ్చుకునేవి, ఒక్క టైలరమ్మ మొహం తప్ప. సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ ఆవిడ ప్రాణం కుదురుగానే ఉండేది. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఓడ, ఎవరూ ఎక్కడికీ పోయే దారి లేదు. అదే ఒడ్డు కనిపించి, ఇనప మెట్లు కిందికి దించి, జనం బిలబిలమంటూ దిగడం మొదలుపెట్టగానే గుండెల్లో రాయి పడేది. దిగినవాళ్ళందరూ మళ్ళీ ఎక్కుతారని నమ్మకమేమిటి? ఆలస్యమైతే ఓడ ఎవరి కోసమూ ఆగదని మొదటి రోజే మైకులో చెప్పారు. మిగతావాళ్ళు ఆ మాట విని ఫలహారాలకి పోయారు. టైలరమ్మ ఆ మాట విని ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆవిడతో వచ్చింది వియ్యపురాలు. బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి మానేసి చాలా కాలమైనా అందరూ ఇప్పటికీ టీచరనే అంటారు. నడక కూడా ఇంకా గ్రౌండులో నడిచినట్టే. నిజానికి ఈ టిక్కెట్లు పిల్లలవి. టైలరమ్మ కూతురూ, టీచరు కొడుకూ సరదాపడి కొనుక్కున్నారు. ఈలోగా అమ్మాయికి నెల తప్పింది, ప్రయాణాలు కూడదని డాక్టరమ్మ కట్టడి చేసింది. కూతుర్ని వదిలి కదలనని టైలరమ్మ మొండికేసింది గానీ, నీ కంగారు చూస్తుంటేనే నాకు బీపీ పెరుగుతోంది, వెళ్ళిరామ్మా అని ఆ పిల్లే సాగనంపింది. కోడలికి కడుపు పండితే మనకి సముద్రం ప్రాప్తించిందని టీచరు కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వేది.

ఒక గదిలో ఉంటే మనుషులు తెలుస్తారు. టీచరుకి ప్రతిదీ వింతే. గ్లాసులో నీళ్ళు ఒక పక్కకి వాలి నిలబడటం వింత, నీళ్ళలోంచి గుప్పెడు చేపలు లేచి పిచికల్లా ఎగిరి మళ్ళీ మునగడం వింత. గది శుభ్రం చేసే అతను తువ్వాలుని ఏనుగులా మడిచి మంచం మీద కూర్చోబెడితే టీచరు మురిసిపోయింది. టైలరమ్మ ఆ ఏనుగు చెవి తిరగేసి, అంచు కుట్టు చూసి పెదవి విరిచింది.

ఓడ దిగేటప్పుడు మెట్ల దగ్గర మిషను మీద ఎవరి కార్డు వాళ్ళు పెట్టాలి. టింగుమంటుంది, తెర మీద ఫోటో వస్తుంది. ఎక్కేటప్పుడూ అంతే. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఆ మిషను చెప్పిందే వేదం. అటువంటి కార్డుని టీచరు ఒకసారి ఈతకొలను పక్కనా, ఇంకోసారి భోజనాల బల్ల మీదా వదిలేసి వచ్చింది. టైలరమ్మ తన పెట్టె తెరిచింది. వెంటనే సూదీ దారం తీసి, రొండిన దోపుకోవడానికి వీలుగా చిన్న సంచి కుట్టింది. రెండు వరసల కుట్టు, పైన టిచ్ బటను. ఇద్దరి కార్డులూ అందులోకి చేరాయి. నన్ను కూడా మడిచి అందులో పెట్టి బటను నొక్కెయ్యండి, గొడవ వదిలిపోతుంది అని టీచరు వేళాకోళం చేసింది. అంత వీలుంటే టైలరమ్మ ఆ పనే చేసేది.

ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. ఎన్నో ఏళ్ళ కిందట భర్త దారపు రీలు తెస్తానని వీధి చివరికి వెళ్ళి నలుగురి చేతుల మీద తిరిగొచ్చాడు. అప్పటినుంచీ ఎవరు గుమ్మం దాటినా, వాళ్ళ అడుగుల చప్పుడు మళ్ళీ వినపడేదాకా ఆవిడ కుట్టే కుట్టు వంకర పోయేది.

ఆ రోజు రేవులో బస్సెక్కించి దీపస్తంభం చూపించారు. టీచరు పైదాకా ఎక్కి చెయ్యూపింది. టైలరమ్మ కింద నిలబడి ఆ చెయ్యి వంకే చూస్తూ మెడ పట్టేయించుకుంది. తిరుగు ప్రయాణంలో బస్సు వాళ్ళని రేవు గేటు బయట, దుకాణాల ముందు దించింది. గేటు దగ్గర కార్డు చూపిస్తే లోపల ఒక చిన్న బండి ఓడ దాకా తీసుకెళ్తుంది. సరిగ్గా అక్కడే టీచరు చెప్పు తెగింది. ఆకాశం అప్పటికే గచ్చకాయ రంగులో ఉంది.

"మీరు పదండి వదినగారూ. అదిగో, ఆ పరదా కింద చెప్పులు కుట్టేవాడున్నాడు. ఒక్క కుట్టు వేయించుకుని మీ వెనకే వస్తాను."

"గదికి రండి, నేను కుడతాను."

"జాకెట్లు కుట్టే సూదితో చెప్పు కుడతారా? వాన ముంచుకొస్తోంది, నడవండి."

అంటూనే టీచరు ఆవిణ్ణి గేటు వైపు నెట్టినంత పని చేసింది. అంతలో వాన కుండపోతగా విరుచుకుపడింది. జనం తోసుకొచ్చారు. గేటు దగ్గర కార్డు చూపించడం, బండిలో ఎవరి ఒళ్ళోనో కూర్చున్నంత పనవడం, ఓడ మెట్ల దగ్గర దిగడం అన్నీ ఒక్క ఊపిరిలో జరిగిపోయాయి. మెట్లెక్కి, తడిసిన చేత్తో సంచి బటను లాగి, ఎప్పటిలాగే రెండు కార్డులూ తీసి ఒకదాని తరవాత ఒకటి మిషను మీద పెట్టింది. టింగు, టింగు. వెనక ప్లాస్టిక్ కోటు కప్పుకున్న నెరిసిన తల ఆవిడెవరో ఉంది. కాపలా మనిషి తెర వంక చూశాడు, ఆ తల వంక చూశాడు, జరగండి జరగండి అన్నాడు. చేతికి అలవాటైన పని మనసుకి చెప్పి చెయ్యదు. టైలరమ్మ కార్డులు మళ్ళీ సంచిలో పెట్టి బటను నొక్కుకుని గదికి వచ్చేసింది.

బట్టలు మార్చుకుంది. వాన వెలిసింది. కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద పడింది. ఆ బల్ల మీదే టీచరు ఫోను ఛార్జింగులో ఉంది. ఒక్క కుట్టుకి ఇంతసేపా అనుకుంది. చెప్పులవాడితో కబుర్లేసుకుని ఉంటుంది, ఆవిడకి రాయితో అయినా కబుర్లే అని సర్దిచెప్పుకుంది. తలుపు దగ్గరికి వెళ్ళి చెవి ఆనించింది. అడుగులు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కటీ టీచరు నడక కాదు.

ఇంక ఆగలేక కింద కౌంటరులో ఉన్న అమ్మాయిని అడిగింది. ఆ పిల్ల ఏదో నొక్కి చూసి, మీ వదినగారు మీతోపాటే ఎక్కారండీ, లోపలే ఉన్నారని చెప్పింది. టైలరమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మనసులోనే టీచరుని నాలుగు తిట్టి వెతకడానికి బయల్దేరింది. భోజనాల హాలులో లేదు. ఈతకొలను దగ్గర లేదు. రోజూ పదిమందిని పోగేసి చేతులెత్తించి దింపించే పై డెక్కు మీద ఖాళీ కుర్చీలు తడిగా మెరుస్తున్నాయి. ఖాళీ కుర్చీ కనిపించిన ప్రతిచోటా గుండె ఒక మెట్టు కిందికి దిగింది. మైకులో గొంతు వినబడింది. ప్రయాణికులందరూ క్షేమంగా ఓడలో ఉన్నారట, కాసేపట్లో బయల్దేరుతున్నారట. కాళ్ళ కింద నేల సన్నగా వణకడం మొదలైంది. ఇంజను వేశారు.

చెమట తుడుచుకుందామని రొండిన చెయ్యి పెట్టింది. వేళ్ళకి సంచి తగిలింది. సంచిలో కార్డులు తగిలాయి. రెండు.

ఒకటి తనది, రెండోది టీచరుది. ఇది లేకుండా ఆవిడ రేవు గేటు ఎలా దాటుతుంది? దాటకపోతే, ఎక్కిందని మిషను ఎందుకు చెప్పింది? ఆ రెండో టింగు చెవిలో ఇప్పుడు మోగింది. ఎక్కడా పారేసుకోకూడదని తను దాచిన కార్డే ఆ మనిషిని గేటు బయట ఆపేసింది.

మెట్ల దగ్గరికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. అప్పటికే తాళ్ళు విప్పేవాళ్ళు కింద నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా ఆఫీసరు మెట్లు ఎత్తించే పనిలో ఉన్నాడు. మా వదినగారు ఇంకా ఎక్కలేదని చెప్పింది. అతను మర్యాదగానే విన్నాడు. మిషను ప్రకారం అందరూ లోపలే ఉన్నారమ్మా అన్నాడు.

"మిషనుకి నేనే అబద్ధం చెప్పాను నాయనా. ఆవిడ కార్డు కూడా నేనే పెట్టాను. ఇదిగో, నా దగ్గరే ఉంది."

మనిషిని చూడకుండా మావాళ్ళు లోపలికి పంపరని ఆఫీసరు కాపలా మనిషి వంక చూశాడు. కాపలా మనిషి బూట్ల వంక చూసుకున్నాడు. పాటల హాలులో ఉంటారు, మనిషిని పంపి వెతికిస్తాను, మీరు గదిలో కూర్చోండి అని ఆఫీసరు ఊరడించాడు. వాళ్ళు వెతికి లేదని తేల్చేసరికి మధ్యలో ఎంత నీరు ఉంటుందో టైలరమ్మకి కళ్ళకి కట్టింది. ముసలిదాని మాట కంటే మిషను మాట గట్టిది. సరే, దాని చేతే చెప్పిద్దాం.

కార్డులు రెండూ తీసి మిషను మీద పెట్టింది. టింగు, టింగు. ఇద్దరూ బయటే అన్నట్టు తెర మీద రెండు ఫోటోలూ ఎర్రబడ్డాయి. ఎవరైనా అడ్డుపడేలోపు ఇనప కమ్మీ పట్టుకుని దిగడం మొదలుపెట్టింది. వెనక నుంచి ఆఫీసరు పిలుస్తున్నాడు, ఓడ ఆగుతుందని మాట ఇవ్వలేనంటున్నాడు. వదినగారి కొంగు పట్టుకోకుండా ఆవిడ ఆ మెట్లు దిగడం అదే మొదలు.

రేవు గచ్చు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. బండి లేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నడిచింది, పరుగు లాంటి నడక. వెనక ఓడ కూత వేసింది. తిరిగి చూడలేదు. చూస్తే కాళ్ళు అక్కడే పాతుకుపోతాయని తెలుసు.

గేటు అవతల కమ్మీల పక్కన ఒక స్టూలు మీద టీచరు కూర్చుని ఉంది. జుట్టు తడిసి బుగ్గలకి అంటుకుంది. ఎప్పుడూ నిటారుగా ఉండే వీపు వంగిపోయింది. టైలరమ్మని చూసి లేవబోయి, లేవలేక కమ్మీ పట్టుకుంది.

"ఈ గేటాయన ఓడకి ఫోను చేశాడు వదినగారూ. ఆ మనిషి ఓడలోనే ఉందన్నారట. ఉంటే మరి నేనెవర్నని అడిగాడు. కాసేపటికి నాకే అనుమానం వచ్చింది."

టైలరమ్మ టీచరు కార్డు తీసి గేటు మనిషికి చూపించింది. అతను ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూసి, తల గోక్కుని గేటు తీశాడు. లోపలికి అడుగు పెడుతూనే టీచరు ఆవిడ జబ్బ పట్టుకుంది. పట్టు నొప్పి పుట్టేట్టు ఉంది.

"మీరెందుకు దిగారు? ఇద్దరం ఇక్కడే ఉండిపోతే పిల్లలకి ఎవరు చెబుతారు?"

"ఒక్కదాన్నే వెళ్ళి వాళ్ళకి ఏం చెప్పను?"

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నీళ్ళలో టపటపమంటూ నడిచారు. గోదాముల మూల తిరిగేదాకా ఓడ కనిపించదు. ఆ మూల దాకా టైలరమ్మ కళ్ళు నేల మీదినుంచి ఎత్తలేదు. టీచరే ముందు చూసి, ఉంది అంది.

మెట్లు ఇంకా ఎత్తలేదు. ఆఫీసరు కింది మెట్టు మీద నిలబడి, రెండు చేతులూ ఆడిస్తూ త్వరగా రమ్మంటున్నాడు. తిట్టడానికి కూడా అతనికి తీరిక లేదు. పైకెక్కాక టైలరమ్మ ఒక కార్డు టీచరు చేతిలో పెట్టి, మీరు ముందు అంది. టీచరు కార్డు మిషను మీద పెట్టింది. టింగుమంది. తెర మీద ఫోటో వచ్చింది. కాపలా మనిషి ఈసారి ఫోటో వంకా మొహం వంకా నిదానంగా చూసి, లోపలికి జరగమన్నాడు. జనం మధ్యలోకి వెళ్ళి టీచరు కనబడకుండా పోయింది.

బయట ఉన్నది ఇప్పుడు తనొక్కతే. కింద ఓడకీ ఒడ్డుకీ మధ్య చారెడు నల్లటి నీళ్ళు కదులుతున్నాయి. ఆఫీసరు త్వరగా త్వరగా అంటున్నాడు. తడిసిన కార్డు జారి ఒక పట్టాన మిషను మీద నిలవలేదు. లోపలినుంచి వదినగారూ అని పిలుపు వినబడింది. టైలరమ్మ ఆ పిలుపు వచ్చిన వైపే చూస్తూ, కార్డుని రెండు చేతులతో అదిమి పట్టింది.