మేము అంటే ఎవరు?

పెట్టెలూ సంచులూ బాగుచేసే కొట్టు ఆవిడది. అందరూ పెట్టెలక్క అంటారు. విరిగిన చక్రం చూపిస్తే చిటికెలో బిగించేస్తుంది గానీ, నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. వీధి చివర కొత్త సంచుల దుకాణం తెరిచారు, బేరాలు పల్చబడ్డాయి, కరపత్రం వేయించక తప్పలేదు. కిందామీదా పడి తనే రాసింది. రాసినదాన్ని దిద్దడానికి డబ్బిచ్చి ఒకాయన్ని పెట్టుకుంది. చాలాకాలం పత్రికలో పనిచేసిన మనిషి. ఏ రాతైనా సగం కోసేస్తాడని కత్తెరాయన అని పేరు.

ఆయన వచ్చి కొట్టులో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. 'అత్యద్భుతమైన' కొట్టేశాడు. 'నభూతో నభవిష్యతి' కొట్టేశాడు. పెట్టెలక్క ప్రాణం ఉసూరుమంది. ఆ మాట కోసం ఎంత వెతుక్కుందో పాపం!

"అదొక్కటీ ఉండనీయండి సార్, బరువుగా ఉంటుంది."

"పెట్టెలు మోసేవాళ్ళకి ఇంకా బరువెందుకమ్మా?" అన్నాడాయన.

అంతలో కలం ఒకచోట ఆగింది. "పైన 'నేను చక్రాలు బిగిస్తాను' అన్నారు. కింద 'మేము జిప్పులు కుడతాం' అన్నారు. ఇక్కడ చూస్తే మీరొక్కరే. మేము అంటే ఎవరు?"

పెట్టెలక్క ఉన్నదంతా చెప్పుకొచ్చింది. జిప్పులు కుట్టేది చెల్లెలు. ఇద్దరూ కలిసి పెట్టిన కొట్టే అది. పోయిన వానాకాలంలో ఎవరో వచ్చి పనితనం మెచ్చుకుంటే, పెట్టెలక్క ఉబ్బితబ్బిబ్బయి "అంతా నా ఒక్కదాని కష్టమండీ" అనేసింది. పక్కనే చెల్లెలు, నోట్లో దారం, చేతిలో జిప్పు. ఆ జిప్పు పూర్తిచేసి, కత్తెర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ గడప తొక్కలేదు. అదే వస్తుందిలే అని అక్క, పిలిస్తే చూద్దాంలే అని చెల్లెలు, పంతంలో ఇద్దరూ ఇద్దరే! జిప్పు పనులొస్తే అక్క "మిషను పాడైందండీ" అని తిప్పి పంపుతోంది. మిషను నిక్షేపంలా ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

ఆవిడ చెప్పిందంతా కత్తెరాయన విన్నాడు. "లేనిది రాయకూడదమ్మా. జిప్పుల ముక్కైనా తీసేయండి, ఆ మనిషినైనా తెచ్చుకోండి. రేపు అచ్చుకివ్వాలి," అని లేచాడు.

తీసేద్దామనే కలం పట్టుకుంది. చెయ్యి రాలేదు. ఆ ముక్క కొట్టేస్తే చెల్లెల్ని చేతులారా కొట్టేసినట్టే, ఇక అది ఎప్పటికీ రాదని భయమేసింది. షట్టరు దించి, కాగితం పట్టుకుని బయల్దేరింది.

చెల్లెలు తలుపు తీసింది గానీ గుమ్మానికి అడ్డంగానే నిలబడింది. "ఏం కావాలి?"

"కరపత్రం వేయిస్తున్నానే. ఒక్క ముక్క విను." అక్క గొంతు సవరించుకుని చదివింది. "మేము జిప్పులు కుడతాం."

"మేము అంటే ఎవరు? నా మొహం మీదే మేము అంటున్నావంటే, అందులో నేను లేనట్టేగా?"

అక్క కళ్ళు చెమ్మగిల్లాయి. "తప్పయిపోయిందే. నీ కష్టం కూడా నా ఖాతాలో వేసుకున్నా. నువ్వు లేకపోతే కొట్టులో కాలు నిలవట్లేదు." కాగితం పైకెత్తి మళ్ళీ చదివింది. "మనం జిప్పులు కుడతాం."

చెల్లెలు మూతి బిగించింది. ఎంతసేపని బిగిస్తుంది? ఫక్కున నవ్వేసింది. "మనం అని అచ్చేస్తే, సంచి తెచ్చినవాళ్ళు కూడా కూర్చుని కుట్టాలి కాబోలు! కాగితం మీద మేము అనే ఉండనీ."

"మరి నువ్వు?"

"నలుగురితో మేము అను. నాతో మనం అను. ఒక్కదాన్నే అన్నావంటే మాత్రం కత్తెర మళ్ళీ బల్ల మీద పెడతా," అని చెప్పుల కోసం చూసుకుంది.

మర్నాడు కత్తెరాయన కాగితం అందుకున్నాడు. పై వాక్యం 'మేము చక్రాలు బిగిస్తాం' అని మారి ఉంది. ఏదో అడగబోయి తలెత్తాడు. లోపల కుట్టుమిషను గడగడలాడుతోంది.

"బాగుందమ్మా. ఇక కొట్టేయడానికేం లేదు," అన్నాడు.