మా ఇంట్లో బ్లాకు

గిన్నెలు తోముతుంటే మళ్లీ వచ్చింది ఆ నొప్పి. రొమ్ము మధ్య నుంచి దవడ దాకా పాకి, చేతిలోని గిన్నెను బరువు చేసింది. కాసేపు గట్టు పట్టుకుని నిలబడ్డాను.

"గ్యాస్ అయ్యుంటుందిలే, వేళకి తినవుగా" అంది అత్తయ్య వెనక నుంచి. అందరి కంచాలూ ఎత్తాక తినేదాన్ని వేళకెలా తింటానో ఆవిడే చెప్పాలి.

మా ఇంట్లో గుండె మా ఆయనొక్కడికే ఉంది. రెండేళ్ల క్రితం డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, బ్లాకంటే ఏమిటో కాగితం మీద గీసి చూపించాడు. రక్తనాళం లోపల కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. ఈయనకి కొంచెమే, భయం లేదు, మందులు వాడుతూ రోజూ నడవాలి. ఆ మాటకి అర్థం అంతే. వాడకం ఇంటికొచ్చాక మొదలైంది. మా అమ్మని చూసొస్తానంటే "నాకు బ్లాకుందని మర్చిపోయావా?" నేను ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే బ్లాకు. టీవీ గొంతు తగ్గించమంటే బ్లాకు. కూరలో ఉప్పు చాలకపోయినా బ్లాకే, డాక్టరు తగ్గించమన్నది ఆ ఉప్పునే అయినా. నడక సంగతి మాత్రం ఎవరికీ గుర్తు లేదు. ఆయన మెట్లెక్కకూడదని పడక కిందికి దించారు. మందులు కళ్లెదురుగా ఉంటే అబ్బాయికి దిగులని అత్తయ్య వాటిని పైగది బీరువాలోనే ఉంచమంది. పూటపూటకీ ఎక్కి తెచ్చేది నేను.

ఇవాళ ఆఫీసులో అందరికీ గుండె పరీక్షలు చేశారు. నా ఈసీజీ చూసిన డాక్టరమ్మ మళ్లీ ఇంకోసారి తీయించింది. "బ్లాకులున్నాయేమోనని అనుమానంగా ఉందమ్మా. రేపే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఇంట్లోవాళ్లని తోడు తీసుకెళ్లండి" అంది.

చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్లాను. "నాక్కూడా బ్లాకులున్నాయేమో అంటున్నారు. రేపు ఆసుపత్రికి మీరు నాతో రావాలి."

ఆయన చెయ్యి గుండె మీదికి వెళ్లింది. "ఇలాంటివి ఉన్నట్టుండి చెప్తారా ఎవరైనా? నాకేదో అయిపోతోంది."

అత్తయ్య గబగబా వచ్చింది. "వాడి ప్రాణం తీయడానికే దాపురించావా? అలా చూస్తూ నిలబడ్డావేం? నాలుక కింద పెట్టుకునే మాత్ర పట్రా!"

ఆయన రెండో చేతిలో రిమోట్ అలాగే ఉంది. అది చూశాక కూడా నా కాళ్లు మెట్ల వైపే నడిచాయి. ఆయనకేమీ కాలేదని తెలిసీ వెళ్తున్నందుకు నా మీద నాకే ఏడుపొచ్చింది.

బీరువా తెరిచి మాత్ర తీసుకుని దిగుతుంటే నొప్పి మళ్లీ పట్టింది. ఈసారి ఊపిరి అందనివ్వలేదు. మెట్ల మధ్యలోనే కూలబడ్డాను. పిలుద్దామనుకున్నాను. పిలిచినా ఎవరొస్తారు? ఆయన ఎక్కకూడదు, అత్తయ్య ఎక్కలేనంటుంది.

"ఇంకా ఎంతసేపు?" కింద నుంచి ఆయన గొంతు ఖంగుమంది.

అరచేతిలో మాత్ర చెమటకి తడుస్తోంది. దాన్ని నా నాలుక కింద పెట్టుకుని గోడకి జారబడ్డాను.