బదులిచ్చిన రక్తం

ఎర్రిబాబుకి సముద్రమంటే భయం లేదు. తుఫానులో తెప్ప తిరగబడితే ఈదుకుంటూ వచ్చి, ఒడ్డున నిలబడి, చుట్ట తడిసిపోయిందని తిట్టుకున్న మనిషి. శ్మశానమన్నా లెక్కలేదు, అమావాస్యన్నా లెక్కలేదు. పెళ్లాం రామాయమ్మ అంటే కొంచెం భయం ఉన్నమాట నిజమే గానీ, ఆ మాత్రం భయం లేని మగాడు పూడిమడకలో ఎవడున్నాడు గనక! సూది అంటే మాత్రం ఆ కొండంత మనిషికి పై ప్రాణాలు పైనే పోతాయి. చిన్నప్పుడు టీకాలవాళ్లు ఊళ్లోకి వస్తే వలల గుట్టలో దూరి, వాళ్లు పొలిమేర దాటేదాకా దగ్గు కూడా దగ్గలేదు.

అలాంటివాడికి సూది గండం కల్లు వల్ల వచ్చింది. పాకిస్తాను యుద్ధం అయిన మరుసటేడు వేసంగిలో, చుట్టాల పెళ్లి ఊరేగింపులో డప్పుల ముందు గంతులేస్తూ గంతులేస్తూ దబ్బున పడ్డాడు. ఎంత తాగితే పడ్డాడో అతనికి తెలుసు. కానీ కల్లు మానేశానని తలుపులమ్మ తల్లి మీద ఒట్టేసి ఉన్నాడాయె, పెళ్లాంతో ఎలా చెబుతాడు? "కళ్లు తిరిగినాయే" అన్నాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

రామాయమ్మ రోజూ పొద్దున్నే చేపల తట్టతో అనకాపల్లి బస్సెక్కుతుంది. అక్కడ డాక్టరు త్రినాధరావుగారింటికి వాడుకగా చేపలు పోస్తుంది. ఆ రోజు సందువ చేపలు బేరమాడుతూనే మొగుడు పడిపోయిన సంగతి చెప్పి కళ్లొత్తుకుంది.

"ఏడవకమ్మా. రేపు ఆసుపత్రికి పంపించు. వేలు మీద చిన్నగా గుచ్చి రెండు చుక్కల రక్తం తీసి చూస్తాను" అన్నారు డాక్టరుగారు.

రామాయమ్మ నోట వేలు మీద గుచ్చడం అన్న మాట వినగానే ఎర్రిబాబు తిన్నగా నూకరాజు దగ్గరికి పరుగెత్తి, కల్లు సంగతి కూడా దాచకుండా చెప్పేశాడు. నూకరాజు రామాయమ్మకి అన్న. ఎర్రిబాబు చెల్లెలు దేముడమ్మకి మొగుడు. ఆ రెండిళ్లవాళ్లూ పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకున్నారు. అందుచేత ఒక ఇంట్లో తుమ్మితే రెండో ఇంట్లో చిరంజీవ అంటారు. నూకరాజుకి యాభై దాటినా గొంతు తగ్గలేదు, తిండి తగ్గలేదు. జబ్బు అనేది తన గుమ్మం తొక్కడానికే జంకుతుందని అందరితోనూ చెప్పుకు తిరిగేవాడు.

"బావా, రేపు డాట్రుకాడికి నా బదులు నువ్వెల్లాల" అన్నాడు ఎర్రిబాబు.

ఇందులో మోసం ఉందని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? తెప్ప మీద ఒకడికి జ్వరం వస్తే వాడి బావో మామో బదులు ఎక్కుతాడు. ఆ రోజు పడిన చేపలో వాటా మాత్రం మంచం మీదున్నవాడి పేరునే తీస్తారు. బదులెళ్లినవాడు ఇంత కూర చేప కూడా అడగడు. తాతలనాటి ధర్మం అది. సముద్రానికి పనికొచ్చిన ధర్మం డాక్టరుకి పనికిరాదా?

"సూదే గదా, బల్లెం కాదు గదా! నీ పేరు సెప్పి ఇచ్చేత్తాను. కాపీ ఓటల్లో ఇడ్లీలు మాత్తరం నువ్వే ఎట్టించాల" అన్నాడు నూకరాజు.

మర్నాడు అనకాపల్లి ఆసుపత్రిలో "పూడిమడక ఎర్రిబాబు!" అని పిలిస్తే "నానే బాబూ" అని నూకరాజు లేచి వెళ్లాడు. అసలు ఎర్రిబాబు ఎదురుగా హోటల్లో కూర్చుని, అద్దాల బీరువాలో మైసూరుపాకులు చూస్తూ, చెమటలు కక్కుతున్నాడు. కాసేపటికి నూకరాజు వేలు పైకెత్తి చూపిస్తూ వచ్చి, హోటలు మెట్లెక్కి, బల్ల మీద కూలబడి ఆయాసపడ్డాడు. "ఎండ మండిపోతన్నాది" అన్నాడు. ఎర్రిబాబు అవునన్నాడు.

తర్వాతి రోజు డాక్టరుగారు చేపలు పక్కన పెట్టించి రామాయమ్మని కూర్చోబెట్టారు.

"మీ ఆయన రక్తం గాజుగొట్టంలో వేసి రంగు చూశానమ్మా. ఉండాల్సినదాంట్లో సగమే ఉంది. ఆ వయసు మగవాడికి ఊరికే రక్తం తగ్గదు. ఎక్కడో కారిపోతోంది. పేగులో గడ్డ లేస్తే కంటికి కనపడకుండా అలా కారుతుంది. నొప్పి వచ్చేదాకా ఆగితే మన చేతిలో ఉండదు. ఇప్పుడే పట్టుకుంటే కోసి తీసెయ్యొచ్చు."

"కేన్సరా బాబూ?"

"కావచ్చు, కాకపోవచ్చు. మూడు రోజులు చేప, మాంసం ముట్టనివ్వకు. ఆ తర్వాత దొడ్డికెళ్లింది కొంచెం డబ్బాలో తీసుకురా. అందులో రక్తం ఉందేమో మందు వేసి చూస్తాను."

రామాయమ్మ బస్సు దిగుతూనే ఎత్తిన రాగం ఊరంతా వినపడింది. అమ్మలక్కలంతా వచ్చి ఎర్రిబాబు మంచం చుట్టూ మూగారు. నిన్నటిదాకా నల్లరాయిలా ఉన్నాడన్నవాళ్లే "ఓలమ్మ, ఎలా పాలిపోనాడే!" అని బుగ్గలు నొక్కుకున్నారు. "గోళ్లు సూడండే, తెల్లగ సున్నంలాగున్నాయి" అంది ఒకావిడ. ఎర్రిబాబు చూసుకున్నాడు. తెల్లగానే ఉన్నాయి! మంచినీళ్లు అడిగాడు. తను పోతే కొత్త వల ఎవరికివ్వాలో కూడా ఆలోచించాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రక్తం తనది కాదు!

మంచం మీంచి లేచి పకపకా నవ్వాడు. "రక్తం సాలక మతి పోనాదమ్మా" అని ఒకావిడ ముక్కు చీదింది. నవ్వుతుండగానే ఎర్రిబాబుకి ఇంకో సంగతి తట్టింది. తనది కాకపోతే మరి ఎవరిది?

అదే వేళకి నూకరాజు ఇసక దిబ్బ ఎక్కి వచ్చి, గుమ్మంలో కూలబడి, నోరు తెరుచుకుని ఊపిరి తీసుకున్నాడు. ఎర్రిబాబు ఆ అరచేతులు చూశాడు. పాలిపోయి ఉన్నాయి. ఎన్నాళ్లనుంచి అలా ఉన్నాయో ఏమో, ఎవరు చూశారు గనక! లోపల దాకలో కోనాం చేపల పులుసు వాసన వేస్తోంది. "నీకు పత్తెం గదా బావా, పారబోత్తామేటి" అని నూకరాజు తన కోసం కంచం పెట్టించుకున్నాడు.

తిండయ్యాక ఎర్రిబాబు అతన్ని తెప్పల చాటుకి లాక్కుపోయి విషయం చెప్పాడు. నూకరాజు పళ్లు కుట్టుకుంటూ విన్నాడు.

"ఆ రక్తం ఎవుడి పేరున ఇచ్చేను?"

"నా పేరునే."

"నీ బదులు తెప్పెక్కితే వాటా ఎవుడిది?"

"నాదే."

"మరింకేటి? ఈ వాటా కూడా నీదే, ఉంచుకో!" అని పెద్దగా నవ్వాడు నూకరాజు. ఆ నవ్వు సగంలో ఆయాసంలోకి దిగిపోయింది. తెప్ప పట్టుకుని నిలబడ్డాడు. "నానెల్లను బావా," అన్నాడు మెల్లిగా. "ఎల్తే నిజవైపోతాది. దేముడమ్మకి గానీ సెప్పేవంటే, నువ్వు కల్లు తాగి పడ్డ సంగతి మా సెల్లికి సెప్పెత్తాను, సూసుకో."

ఎర్రిబాబు తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చాడు. చప్పటి పప్పు ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. నోరు మూసుకుంటే తనకే హాయి. మూడు రోజులు పప్పు తింటాడు, డబ్బాలో రక్తం కనపడదు, రామాయమ్మ మొక్కు తీర్చుకుంటుంది, పరువూ నిలుస్తుంది. చెల్లెలి పసుపుకుంకుమలు మాత్రం నిలవవు. పక్కన దేముడమ్మ విసనకర్రతో అతనికి విసురుతూ, "తిను అన్నా, నువ్వు లేకపోతే మాకెవుడున్నాడు" అంటోంది. ఇంక ఆగలేకపోయాడు పాపం.

"ఒలే రామాయమ్మా! నాను కల్లు తాగే పడ్డాను. సూదికి బయపడి డాట్రుకాడికి ఎల్లనేదు. నా బదులు మీ అన్న ఎల్లేడు. ఆ రక్తం ఆడిది!"

కల్లు అన్న మాటకే రామాయమ్మ చేపల తట్ట అందుకుంది. సూది అన్న మాటకి వీపు మీద ఒకటి వేసింది. రెండోది వెయ్యబోతుండగా మూడో మాట చెవికెక్కింది. తట్ట చేతిలోనే ఉండిపోయింది. దేముడమ్మ అప్పటికే విసనకర్ర పారేసి వీధిలో పరుగెడుతోంది.

మర్నాడు నూకరాజుని ఇద్దరాడవాళ్లూ చెరో రెక్కా పట్టుకుని బస్సెక్కించారు. డాక్టరుగారు సంగతంతా విని తల పట్టుకున్నారు. నూకరాజు మాత్రం చేతులు చంకలో దోపుకుని, "ముందు మా బావ ఇయ్యాల. ఆడిత్తేనే నానిత్తాను" అని మొండికేశాడు. ఎర్రిబాబు కళ్లు గట్టిగా మూసుకుని, వేలు చాపి, ఉన్న దేవుళ్లందర్నీ వరసగా పిలిచాడు. పిలుస్తూ పిలుస్తూనే స్టూలు మీంచి కింద పడ్డాడు. ఈసారి మాత్రం నిజంగానే కళ్లు తిరిగాయి.

అతని రక్తం గొట్టంలో ఎర్రగా నిగనిగలాడింది. నూకరాజుది మళ్లీ సగమే. పథ్యం పెట్టి చూస్తే డబ్బాలోనూ రక్తం కనిపించింది. డాక్టరుగారు రాసిచ్చిన చీటీ పట్టుకుని విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళితే పేగులో గడ్డ ఉందన్నారు. చిన్నదే, పాకలేదు, తీసేస్తామన్నారు. కానీ మనిషిలో రక్తం లేదు, అయినవాళ్లెవరైనా ఇవ్వాలన్నారు.

"ఎంతివ్వాల?" అన్నాడు ఎర్రిబాబు.

నర్సు సీసా చూపించింది. దానికి తగ్గ సూదిని కూడా చూపించింది. ఎర్రిబాబు గోడ పట్టుకున్నాడు. ఈసారి బదులు పంపడానికి ఎవరున్నారు? ఉన్న ఒక్క బావా లోపల పడుకుని ఉన్నాడు. "తియ్యండి, బేగి తియ్యండి, నాను సూడను" అని చెయ్యి ఇచ్చేసి, మొహం రామాయమ్మ పైటలో దాచుకున్నాడు. రామాయమ్మ అతని తల పట్టుకుని ఏడ్చింది. రక్తం సరిపడిందన్నారు. సీసా మీద నూకరాజు పేరు రాశారు.

ఆపరేషను బాగానే జరిగింది. తెలివొచ్చిన నూకరాజు చుట్టూ చూసి, ముందు చెల్లెల్ని, ఆ తర్వాత పెళ్లాన్ని, ఆఖర్న బావని పోల్చుకున్నాడు.

"నీ రక్తం ఎక్కించేరంట గదా బావా. ఇంక నాకూ సూదంటే బయవేత్తాదేటి?" అన్నాడు నీరసంగా.

ఎర్రిబాబు నవ్వబోయాడు, చేతకాలేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"రక్తం నీది, పేరు నాది. మరి వాటా ఎవుడిది బావా?"

"పేరు నీది గదా, వాటా నీదే," అన్నాడు ఎర్రిబాబు భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ. "బేగి లెగు బావా. తెప్ప మీద నీ బదులు ఎల్లనేక సత్తన్నాను."